బీవర్లు వదిలేసిన మడుగుకూ, గండిపడిన మా కుంటకూ పోలిక కుదురుతుందా?

మాది నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక ఊరు. ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. ఉత్తర అమెరికా, ఐరోపాల్లో ఉండే బీవర్లు (నీటి ఒడ్డున బతికే, ఎలుకల వర్గానికి చెందిన పెద్ద జంతువులు) కొమ్మలు, బురద, రాళ్లతో వాగుకు అడ్డంగా కట్ట వేస్తాయనీ, నీరు నిలిచి చుట్టుపక్కల భూగర్భజలం పెరుగుతుందనీ, ముంపులో చచ్చి మోళ్లుగా మిగిలిన చెట్లలో పక్షులు గూళ్లు పెడతాయనీ చదివాను. కెనడాలోని వుడ్ బఫెలో జాతీయ ఉద్యానంలో ముప్పావు కిలోమీటరు పొడవున్న బీవర్ కట్టను 2007లో ఉపగ్రహ చిత్రాల్లో గుర్తించారు. మన చెరువు కట్టలకు అదేమీ తీసిపోదు.

నాకు అంతుపట్టనిది ఆ తరువాతి దశ. దగ్గరలోని చెట్లు తరిగిపోయి బీవర్లు వెళ్లిపోతే కట్ట తెగి, పేరుకున్న పూడిక మీద పచ్చికబయలు ఏర్పడుతుందట. మా కుంటకు అలుగు పక్కన గండిపడి నాలుగేళ్లయింది. మొదట జమ్ము, తరువాత తుంగ, ఇప్పుడు శిఖమంతా (కుంట లోపలి నేలంతా) గరిక, దాని నడుమ మోకాలెత్తు సర్కారు తుమ్మ. నీటికాకులు రెక్కలారబెట్టుకున్న మోడు కింద ఇప్పుడు మేకలు మేస్తున్నాయి.

బీవర్ల పచ్చికబయలు దశాబ్దాల పాటు అడవిగా మారకుండా నిలవగలదంటారు. అందుకు కారణం నేలలోని తేమా, లేక ముంపు కాలంలో చెట్ల వేళ్లకు తోడుండే శిలీంధ్రాలు నశించడమా? అలాగైతే మా శిఖంలో తుమ్మ ఇంత త్వరగా ఎలా లేచింది? విద్యార్థులను కుంట దగ్గరికి తీసుకువెళ్లి ఈ పాఠం చెప్పాలనుకుంటున్నాను కనుక, చిత్తడి నేలల గురించి తెలిసినవారు ఈ పోలిక ఎంతవరకు సరైనదో దయచేసి వివరించగలరు.