రన్‌వే చివరిదాకా తేలుతూ పోయిన సెస్నా... గో అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం) ఎప్పుడు చేయాలి?

అందరికీ నమస్తే. టెక్సాస్‌లో ప్రైవేట్ పైలట్ లైసెన్సు కోసం సెస్నా 172 అనే చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నాను. మొన్న సోలోలో (పక్కన శిక్షకుడు లేకుండా) 3,000 అడుగుల రన్‌వే మీద దిగుతుంటే, 65 దాటకూడని చోట స్పీడు 75 నాట్లుంది. ఫ్లేర్ చేశాక (నేలకు దగ్గరయ్యాక ముక్కు కాస్త పైకెత్తాక) విమానం కిందికి దిగనంటూ తేలుతూనే పోయింది. సగం దాటాక చక్రాలు ఆనాయి. బ్రేకు గట్టిగా తొక్కితే టైర్లు కీచుమంటూ జారాయి. ఎదురుగా కంచె, దాని వెనక ఆవులు! ఎలాగో ఆగింది.

గాలి దిశ చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్ వైపు చూస్తే గాలి వెనక నుంచి వీస్తోంది. ప్రతి 2 నాట్ల వెనకగాలికి ల్యాండింగ్ దూరం 10 శాతం పెంచుకోమని మాన్యువల్‌లో ఉంది, చదివాను కూడా (పరీక్ష కోసం).

అనుభవమున్నవాళ్లు చెప్పరూ? చక్రాలు ఎక్కడికల్లా ఆనకపోతే మీరు గో అరౌండ్ చేస్తారు? చక్రాలు ఆనగానే ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలు) ఎత్తేస్తే బ్రేకులు బాగా పడతాయా?