గాల్‌బ్లాడర్‌లో రాళ్లు: తప్పు వేపుళ్లదా, ఖాళీ కడుపుదా?

భీమవరం బుల్లోడు:
వేరే దేనికో స్కానింగ్ తీస్తే మా ఆవిడ గాల్‌బ్లాడర్‌లో రాళ్లు బయటపడ్డాయండి. నొప్పీ గిప్పీ ఏం లేదు. ఇంట్లో మాత్రం ఒకటే గొడవ. "రొయ్యల వేపుడు, బజ్జీలు ఇంకా తినండి" అంటుంది మా అమ్మ. "నేను తినేదెంత? పొద్దున్న కాఫీ తాగితే మళ్లీ మధ్యాహ్నం రెండింటికి అన్నమే" అంటుంది మా ఆవిడ. ఎవరి మాట నిజం?

తణుకు మాస్టారు:
ఇందులో అడగడానికేముంది బాబూ, నూనే! పెళ్లి భోజనం చేసిన రాత్రే కదా అందరికీ నొప్పి వచ్చేది.

రాజోలు కోడలు:
మాస్టారూ, నొప్పి రావడం వేరు, రాయి పుట్టడం వేరండి. గాల్‌బ్లాడర్ అంటే కాలేయం కింద ఉండే చిన్న సంచి, కొవ్వును అరిగించే పైత్యరసం అందులో నిలవ ఉంటుంది. కొవ్వు పదార్థం పేగులోకి దిగగానే అది ముడుచుకుని ఆ రసాన్ని బయటికి నెడుతుంది. అప్పటికే ఉన్న రాయి దారికి అడ్డం పడితే నొప్పి. ఆ రాయి మాత్రం ఎప్పుడో మొదలై ఉంటుంది. పైత్యరసంలో కొలెస్ట్రాల్ ఎక్కువై, సంచి సరిగ్గా ఖాళీ కాక నిలవ ఉండిపోతే రాళ్లు కడతాయి. రోజూ గంటల తరబడి ఏమీ తినకపోతే ఆ సంచికి పనేముంటుంది?

అంతకంటే ప్రమాదం గబగబా బరువు తగ్గడం. వారానికి కిలోన్నర మించి తగ్గితే ముప్పు బాగా పెరుగుతుంది. పెళ్లి ముహూర్తం పెట్టుకుని నెలంతా జ్యూసుల మీద బతికేవాళ్లు మన వీధిలోనే ఉన్నారు, ఎవరూ దాన్ని తప్పనరు! బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్లకు కొన్ని నెలలు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చేది ఇందుకే.

తణుకు మాస్టారు:
మా అమ్మ జీవితమంతా కార్తీక సోమవారాలు ఉంది. నక్షత్రం కనబడేదాకా మంచినీళ్లే. ఏ రాయీ రాలేదే?

రాజోలు కోడలు:
ఏడాదికి నాలుగైదు సోమవారాల గురించి కాదండి నేననేది, రోజూ టిఫిన్ మానేసే అలవాటు గురించి. ఇంకోటి, అందరూ నూనె మీద పడతారు గానీ పాలిష్ పట్టిన తెల్లన్నాన్నీ, మడత కాజానీ, పూతరేకునీ ఎవరూ ఏమీ అనరు. పీచు లేని పిండిపదార్థాలూ పంచదారా ఎక్కువైతే రాళ్ల ముప్పు పెరుగుతుంది. అమెరికాలో నర్సులను ఏళ్ల తరబడి గమనిస్తే, వేరుశనగపప్పు, బాదం లాంటివి తరచూ తినేవాళ్లలో గాల్‌బ్లాడర్ ఆపరేషన్లు తక్కువయ్యాయి. వాటిలో ఉండేదీ కొవ్వే మరి!

కాకినాడ పీజీ:
మొత్తం తిండి మీదకే తోసెయ్యకండి. ఆడవాళ్లకు, అందులో పిల్లల్ని కన్నవాళ్లకు, ఎక్కువ వస్తాయి. వంశం, ఊబకాయం, షుగర్ కూడా లెక్కలోకి వస్తాయి. పైగా ఉత్తరాదిలో దాదాపు అన్నీ కొలెస్ట్రాల్ రాళ్లయితే, మన దక్షిణాదిలో పిగ్మెంట్ రాళ్ల వాటా ఎక్కువ, అంటే పైత్యరసంలోని రంగు పదార్థం గడ్డకట్టి ఏర్పడేవి. రక్తకణాలు త్వరగా విచ్ఛిన్నమయ్యే జబ్బుల్లోనూ అవి వస్తాయి. టిఫిన్ టైముకి తిన్నంత మాత్రాన అవి ఆగవు.

తణుకు మాస్టారు:
ఆయ్, అవన్నీ ఎందుకండి. మా తోడల్లుడు నిమ్మరసంలో ఆలివ్ నూనె కలుపుకుని తాగితే తెల్లారేసరికి పచ్చటి రాళ్లు పడిపోయాయి.

కాకినాడ పీజీ:
అవి రాళ్లు కావండి, ఆ నూనే కడుపులో సబ్బులా గడ్డకట్టి అలా వస్తుంది. బుల్లోడు గారూ, నొప్పి లేనప్పుడు మామూలుగా ఆపరేషన్ అక్కర్లేదు, మీ డాక్టరుని ఒకసారి అడగండి. కుడి డొక్కలో నొప్పితో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్రం ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. మాస్టారూ, మీ తోడల్లుడికి మళ్లీ ఒకసారి స్కానింగ్ తీయించండి.