మిప్స్ బోర్డుపై సింగిల్‌స్టెప్: బ్రాంచ్ దగ్గర పీసీ కదలడం లేదు

ప్రశ్న: పాతబోర్డు_హైదరాబాద్

ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్న ఒక పాత రౌటర్‌లో మిప్స్ 24కేసీ ప్రాసెసర్ ఉంది. దానిపై లినక్స్ ఎక్కించి, పీట్రేస్ (ఒక ప్రోగ్రాము మరొకదాన్ని ఆపి పరిశీలించేందుకు లినక్స్ ఇచ్చే పిలుపు) ఆధారంగా ఒక చిన్న డీబగ్గర్‌ను సొంతంగా రాసుకుంటున్నాను. ఎక్స్86 మీద చక్కగా పనిచేసిన సింగిల్‌స్టెప్ (ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడిపి ఆపే) పిలుపు ఇక్కడ ఈఐఓ ఎర్రర్ ఇస్తోంది. అందువల్ల ప్రస్తుత పీసీకి (నడవాల్సిన ఇన్‌స్ట్రక్షన్ చిరునామాకు) 4 కలిపి, ఆ చిరునామాలో ప్రోగ్రామును ఆపే బ్రేక్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టి ప్రోగ్రామును వదులుతున్నాను. అది ఆగగానే అసలు ఇన్‌స్ట్రక్షన్‌ను తిరిగి రాస్తున్నాను. కూడికలు, లోడ్లు, స్టోర్ల వరకు ఇబ్బంది లేదు. బ్రాంచ్ (వేరే చిరునామాకు గెంతే ఇన్‌స్ట్రక్షన్) వచ్చినప్పుడు మాత్రం, సిగ్‌ట్రాప్ (బ్రేక్ తగిలిందని తెలిపే సిగ్నల్) అందుతున్నప్పటికీ, ఎన్నిసార్లు స్టెప్ చేసినా పీసీ ఆ బ్రాంచ్ చిరునామాలోనే ఉంటోంది. పొరపాటు ఎక్కడుందో చెప్పగలరు.

జవాబు: కోఠీ_సోల్డర్

మీరు రాసిన బ్రేక్ ప్రాసెసర్‌లోని చిన్న వేగవంతమైన మెమరీ అయిన డేటా క్యాష్‌లోనే ఉండిపోయి, ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌కు చేరడం లేదేమో చూడండి. మిప్స్‌లో ఈ రెండింటినీ హార్డ్‌వేర్ తనంతట తాను సరిచూడదు.

జవాబు: మౌలాలి_ఫర్మ్‌వేర్

క్యాష్ అనుమానం ఓఎస్ లేని బోర్డు విషయంలో సమంజసమే గానీ, పీట్రేస్ ద్వారా రాసినప్పుడు క్యాష్‌లను సరిచేసే పని కెర్నలే చూసుకుంటుంది. పైగా ట్రాప్ అందుతోందంటే బ్రేక్ అమలైనట్లే కదా.

అసలు సంగతి డిలే స్లాట్. మిప్స్‌లో బ్రాంచ్ తరువాతి ఇన్‌స్ట్రక్షన్ (దాని చోటే ఆ స్లాట్) అమలైన తరువాతే గెంతు జరుగుతుంది. మీరు 4 కలిపి పెట్టిన బ్రేక్ సరిగ్గా ఆ స్లాట్‌లో పడుతోంది. స్లాట్‌లో ఎక్సెప్షన్ (బ్రేక్ వంటి అంతరాయం) వస్తే ప్రాసెసర్ ఈపీసీలో (ఆగిన చోటును దాచే రిజిస్టర్‌లో) స్లాట్ చిరునామాను కాక బ్రాంచ్ చిరునామాను ఉంచి, కాజ్ రిజిస్టర్‌లోని 31వ బిట్ అయిన బీడీని (స్లాట్‌లో ఆగిందని చెప్పే గుర్తును) 1 చేస్తుంది. తిరిగి మొదలుపెట్టేటప్పుడు బ్రాంచ్‌తో సహా మళ్లీ నడపాలన్నది అందులోని ఉద్దేశం. మీ డీబగ్గర్‌కు కనిపిస్తున్న కదలని పీసీ అదే.

ఎక్స్86లో ఫ్లాగ్స్‌లోని ట్రాప్ బిట్ చేసే పనిని (ప్రతి ఇన్‌స్ట్రక్షన్ తరువాత ఆపడాన్ని) లినక్స్ మిప్స్ మీద అందించదు కనుక, అడుగు ఎక్కడ పడుతుందో డీబగ్గరే ముందుగా లెక్కగట్టాలి. బ్రాంచ్ చిరునామాకు 8 కలిపిన చోట ఒక బ్రేక్, గెంతు గమ్యంలో మరొకటి పెట్టండి. లైక్లీ రకం బ్రాంచ్‌లు గెంతనప్పుడు స్లాట్‌ను రద్దు చేసినా, తేలేది ఆ 8 దగ్గరే. రెండు చోట్లా పెడితే ఫ్లోటింగ్ పాయింట్ షరతులను విడిగా విలువ కట్టే శ్రమ కూడా తప్పుతుంది. గమ్యం లెక్కలో 16 బిట్ల ఆఫ్‌సెట్‌ను గుర్తుతో సహా తీసుకుని, 4తో గుణించి, బ్రాంచ్ చిరునామాకు కాక స్లాట్ చిరునామాకు కలపాలి. నేను ఒకప్పుడు దీన్ని మరచిపోయి రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. రిజిస్టర్‌లోని చిరునామాకు గెంతే జేఆర్, జేఏఎల్‌ఆర్‌లకు మాత్రం రిజిస్టర్ విలువ చదవక తప్పదు.

ప్రశ్న అడిగినవారు: పాతబోర్డు_హైదరాబాద్

ధన్యవాదాలండీ, బ్రాంచ్‌లు దాటుతున్నాయి. కానీ మ్యూటెక్స్ లాక్ (ఒకేసారి ఒక్క త్రెడ్‌నే లోనికి పంపే తాళం) తీసుకునే ఫంక్షన్‌లో స్టెప్ చేస్తుంటే అవే అయిదారు ఇన్‌స్ట్రక్షన్ల చుట్టూ అంతులేకుండా తిరుగుతోంది. స్టెప్ చేయకుండా వదిలితే క్షణంలో బయటపడుతోంది.

జవాబు: మౌలాలి_ఫర్మ్‌వేర్

అక్కడ ఎల్ఎల్ (లోడ్ లింక్డ్), ఎస్‌సీ (స్టోర్ కండిషనల్) జంట ఉండి ఉంటుంది; లింక్ బిట్ చెరగకుండా ఉంటేనే ఎస్‌సీ మెమరీలో రాస్తుంది. ఎల్ఎల్ పెట్టిన లింక్ బిట్‌ను, ట్రాప్ నుంచి వెనక్కి వచ్చే ఈరెట్ ఇన్‌స్ట్రక్షన్ తుడిచేస్తుంది. మధ్యలో ఆగిన ప్రతిసారీ ఎస్‌సీ విఫలమై, కోడ్ మళ్లీ మొదటికి పోతుంది. కాబట్టి ఆ రెండింటి మధ్య ఆగకండి. ఎల్ఎల్ కనిపించగానే ముందుకు చదువుతూ పోయి ఎస్‌సీ తరువాత ఒక బ్రేక్, మధ్యలో బయటికి పోయే బ్రాంచ్ ఉంటే దాని గమ్యంలో ఇంకొకటి పెట్టి, మొత్తాన్ని ఒకే అడుగుగా నడపండి. జీడీబీ అనే డీబగ్గర్ కూడా ఇదే చేస్తుంది. 16 ఇన్‌స్ట్రక్షన్ల లోపు ఎస్‌సీ దొరకకపోతే మామూలు స్టెప్‌కు మళ్లుతుంది.

జవాబు: కోఠీ_సోల్డర్

తన చిరునామాకే గెంతే బ్రాంచ్‌ను కూడా గమనించండి. డిలే లూపులలో బ్రాంచ్ తన మీదికే గెంతుతూ, స్లాట్‌లో కౌంటర్‌ను తగ్గిస్తుంది. గమ్యంలో బ్రేక్ పెడితే అది ఆ బ్రాంచ్‌నే కప్పేస్తుంది కనుక, ఏమీ అమలు కాకుండానే ఆగిపోతుంది. అలాంటి చోట నేను 8 కలిపిన చిరునామాలో మాత్రమే పెట్టి, లూపు ముగిసేదాకా వదిలేస్తాను.