ప్రాజెక్ట్ జాంబాయిడ్: గాజు కోసుకున్నా చావేనా? రివ్యూ రాసే ముందు ఒక సందేహం

ప్రశ్న:
అందరికీ నమస్తే. జాంబీల మధ్య బతికి బయటపడే వీడియో గేమ్ ప్రాజెక్ట్ జాంబాయిడ్ మొదలుపెట్టి రెండు వారాలైంది. 41 బిల్డ్ (అంటే గేమ్ వెర్షన్), అపోకలిప్స్ మోడ్, మాడ్స్ (ఆడేవాళ్లు తయారుచేసి కలిపే మార్పులు) ఏమీ లేవు. ఇప్పటికి నా పాత్రలు ఆరుగురు పోయారు. మొదటి ఐదుగురి సంగతి వదిలేయండి, పరిగెత్తి పరిగెత్తి ఆయాసం వచ్చి గుంపులో చిక్కుకున్నవాళ్లే అందరూ, తప్పు నాదే. ఆరోవాడి విషయంలో మాత్రం చాలా బాధగా ఉంది. గేమ్‌లోని వెస్ట్ పాయింట్ అనే ఊళ్లో ఒక ఇంటి కిటికీ పగలగొట్టి లోపలికి దూరాను, చేతికి గాజు కోసుకుంది, చొక్కా చింపి ఆ గుడ్డతోనే కట్టు కట్టాను. రెండు రోజులు బాగానే ఉన్నాడు. మూడో రోజు గాయాలు చూపించే హెల్త్ ప్యానెల్ తెరిస్తే ఆ చెయ్యి దగ్గర ఇన్ఫెక్షన్ అని ఉంది. వాణ్ణి ఒక్క జాంబీ కూడా తాకలేదు, నేను ఒట్టేసి చెప్పగలను. ఇక ఎలాగూ పోతాడు కదా అని గొడ్డలి పట్టుకుని మెయిన్ రోడ్డు మీద ఉన్న గుంపులోకి నడిపించేశాను. గాజు గీసుకున్నా చావేనా? ఇది అన్యాయం అని గేమ్‌లు అమ్మే స్టీమ్ సైట్‌లో నెగటివ్ రివ్యూ సగం రాశాను కూడా. పోస్ట్ చేసే ముందు తెలిసినవాళ్లని ఒకసారి అడుగుదామనిపించింది.

జవాబు:
బ్రో, ఆ మనిషి బతికేవాడు. ఈ గేమ్‌లో ఇన్ఫెక్షన్లు రెండు రకాలు, కొత్తగా ఆడేవాళ్లు దాదాపు అందరూ ఇక్కడే పొరబడతారు.

హెల్త్ ప్యానెల్‌లో గాయం పక్కన కనిపించేది మామూలు చీము పట్టడం లాంటిది. మురికి గుడ్డతో కట్టు కట్టినా, కట్టు మార్చకుండా వదిలేసినా వస్తుంది. దానివల్ల గాయం మానడం ఆలస్యమవుతుంది, అంతే. కట్టు విప్పి, డిస్‌ఇన్ఫెక్టెంట్ గానీ ఆల్కహాల్ గానీ రాసి (బోర్బన్ సీసా దొరికినా పనికొస్తుంది), శుభ్రమైన గుడ్డతో మళ్లీ కట్టు కట్టాలి. కట్టు మురికైందని చూపించగానే మార్చేయాలి.

రెండోది జాంబీ రోగం. దాన్ని హెల్త్ ప్యానెల్ ఎక్కడా పేరు పెట్టి చెప్పదు, అసలు టెన్షన్ అంతా అక్కడే. అది జాంబీ వల్లే వస్తుంది, గాజు వల్ల రాదు. మామూలు సెట్టింగ్స్‌లో జాంబీ గోరు గీసుకుంటే 7 శాతం, చర్మం చీరుకుపోతే 25 శాతం, కొరికితే 100 శాతం అవకాశం. వస్తే స్క్రీన్ కుడివైపు పాత్ర పరిస్థితి చూపించే బొమ్మల్లో వికారం మొదలై, పెరుగుతూ పోయి, జ్వరం పట్టుకుని రెండు మూడు రోజుల్లో ప్రాణం తీస్తుంది. యాంటీబయాటిక్స్ మింగినా దానికి మందు లేదు. అయితే వికారం బొమ్మ కనబడగానే ఆశ వదులుకోకండి. పాడైన తిండి తిన్నా, శవాల గుట్ట పక్కనే ఎక్కువసేపు ఉన్నా అదే బొమ్మ వస్తుంది. ఒక రోజు ఆగి చూడాలి, తగ్గిపోతే బతికినట్టే.

ఇంకో మాట, కిటికీ పగలగొట్టాక వెంటనే ఎక్కకండి. దాని మీద రైట్ క్లిక్ చేస్తే విరిగిన గాజు పెంకులు తీసేసే ఆప్షన్ వస్తుంది. చేతిలో ఏదైనా వస్తువు పట్టుకుని ఆ పని చేస్తే చెయ్యి కోసుకోదు. నేనైతే ముందు తలుపు చూస్తాను, తర్వాత మిగతా కిటికీలు ఒక్కొక్కటీ తెరుచుకుంటాయేమో చూస్తాను, పగలగొట్టడం చివరి మాటే. ఆ చప్పుడుకి వీధిలో ఉన్నవన్నీ వచ్చేస్తాయి.

అడిగినవారు:
అయ్యో, అంటే బతికే మనిషిని నేనే చంపుకున్నానన్నమాట. చాలా థాంక్స్ అన్నా. మరి రివ్యూ తీసేయమంటారా? కష్టం కూడా మరీ ఎక్కువగా ఉంది కదా, ఆ సంగతైనా రాయొచ్చా?

ఇంకొకరి జవాబు:
రాయండి, తప్పకుండా రాయండి, కానీ విడదీసి రాయండి. ఇది 2013 నవంబర్ నుంచి స్టీమ్‌లో ఎర్లీ యాక్సెస్‌లోనే (అంటే పూర్తికాకముందే అమ్మకంలో) ఉన్న గేమ్, ఆడేవాళ్ల మాటలు వింటూ మారుతూ వచ్చినది. కాబట్టి మనం రాసేది వృథా పోదు. అయితే 'కష్టంగా ఉంది' అన్న మాట పట్టుకుని చేసేవాళ్లు ఏం మార్చగలరు? ఏ బిల్డ్, ఏ మోడ్, ఏ ఊరు, ఎన్నో రోజు, చేతిలో ఏముంది, అప్పుడు ఏం జరిగింది, మీరు ఏం జరుగుతుందనుకున్నారు, ఇవన్నీ ఉంటేనే అది ఫీడ్‌బ్యాక్.

నా అనుభవం చెప్తాను. ఒకసారి కారు ఎక్కిన ప్రతిసారీ గేమ్ ఆగిపోతోందని నేను కోపంగా పెద్ద బగ్ రిపోర్ట్ రాసుకున్నాను. పంపే ముందు మాడ్స్ అన్నీ ఆపేసి కొత్త ప్రపంచంలో గంటసేపు తిరిగాను. ఒక్కసారి కూడా ఆగలేదు. నేను వేసుకున్న ఒక మాడ్ పాతబడిపోయింది, అదీ సంగతి. అప్పటినుంచి మాడ్స్ లేకుండా మళ్లీ చేసి చూడనిదే ఏ రిపోర్టూ పంపను. పంపేటప్పుడు మీ యూజర్ ఫోల్డర్‌లో జాంబాయిడ్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో కన్సోల్ అనే టెక్స్ట్ ఫైల్ జత చేయండి. గేమ్ మళ్లీ తెరిస్తే ఆ ఫైల్ కొత్తగా మొదలవుతుంది, అందుకని ఆగిపోయిన వెంటనే కాపీ తీసి పెట్టుకోవాలి.

కష్టం సంగతికొస్తే, అది చాలావరకు మీ చేతిలోనే ఉంది. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు శాండ్‌బాక్స్ ఎంచుకుంటే జాంబీల సంఖ్య, వేగం, రోగం ఎలా అంటుకోవాలి, అసలు అంటుకోవాలా వద్దా, అన్నీ మార్చుకోవచ్చు. మొదట్లో సంఖ్య తగ్గించి, రోగం ఆపేసి ఆడటంలో తప్పేమీ లేదు. ఇంకా మీరు వెస్ట్ పాయింట్‌లో ఎందుకు మొదలుపెట్టారండీ? అక్కడ జాంబీలు కిక్కిరిసి ఉంటాయి. రోజ్‌వుడ్ గానీ రివర్‌సైడ్ గానీ తీసుకోండి.

మరొకరు:
అక్క చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. 2024 డిసెంబర్‌లో 42 బిల్డ్ అన్‌స్టేబుల్‌గా (ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్‌గా) వచ్చినప్పుడు ఆయుధం ఊపిన కొద్దీ కండరాలు నొప్పెట్టడం కొత్తగా పెట్టారు. చాలామందికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. నాలుగు జాంబీలని కొట్టేసరికి చెయ్యి లేవడం లేదని అందరూ గోల చేశారు. ఇప్పుడు దాన్ని శాండ్‌బాక్స్‌లో తగ్గించుకోవచ్చు. 42 చూడాలనిపిస్తే ఒక్కటి గుర్తుపెట్టుకో తమ్ముడూ, 41లో సేవ్ చేసినది అందులో పనిచేయదు, ముందే కాపీ దాచుకో.

కొట్లాట కూడా నేర్చుకో. ఎత్తు తక్కువ కంచె అవతల నిలబడితే అవి దాటబోయి బోర్లా పడతాయి, లేచేలోపు కొట్టు. రెండు మూడు కంటే ఎక్కువ వస్తే నడుచుకుంటూ వెనక్కి తగ్గు, పరుగు వద్దు. ఆయాసం బొమ్మ వచ్చాక నీ దెబ్బలో బలం ఉండదు.

అడిగినవారు, నాలుగు రోజుల తర్వాత:
అందరికీ చెప్దామని వచ్చాను. రోజ్‌వుడ్‌లో మొదలుపెట్టాను, రోగం మామూలుగానే ఉంచి జాంబీల సంఖ్య మాత్రం తగ్గించాను. మొదటి వారం టీవీలో వడ్రంగం, వంట ప్రోగ్రాములు వదలకుండా చూశాను, కూర్చున్నచోటే నైపుణ్యం పెరిగింది. ఏడో రోజు హెలికాప్టర్ వచ్చింది. నేను కర్టెన్లు మూసి ఇంట్లోనే ఉన్నా, దాని చప్పుడు వెంట పోయే గుంపుని పై అంతస్తు కిటికీ సందులోంచి చూస్తుంటే చేతులకి చెమటలు పట్టాయి. పదకొండో రోజుకి ఇంకా బతికే ఉన్నాను. మధ్యలో కంచె దూకబోయి మోచెయ్యి గీసుకుంది, మళ్లీ అదే ఇన్ఫెక్షన్ అన్న మాట కనిపించింది. ఈసారి భయపడలేదు, కట్టు మార్చాను, ఇప్పుడు మానిపోతోంది.

పాత రివ్యూ తీసేశాను. దాని బదులు వాళ్ల అధికారిక సలహాల విభాగంలో ఇలా రాస్తున్నాను: 'జాంబీ రోగం ఉన్న గేమ్‌లో మామూలు గాయం చీము పట్టినా ఇన్ఫెక్షన్ అనే చూపిస్తున్నారు. 41 బిల్డ్, అపోకలిప్స్, మాడ్స్ లేవు. ఆ మాట చూసి నా పాత్రకి రోగం వచ్చిందనుకుని నేనే చంపేశాను. గాయానికి వేరే మాట వాడండి, లేదా దాని మీద మౌస్ పెట్టినప్పుడు కట్టు మార్చమని ఒక్క వాక్యం చూపించండి.' ఇందులో ఏమైనా మార్చాలా?

ఇంకొకరి జవాబు:
ఏమీ మార్చొద్దు, ఇలాగే పంపండి. గాయం ఎన్నో రోజున తగిలింది, ఎన్నో రోజున ఆ మాట కనిపించింది, ఆ రెండూ చేర్చి హెల్త్ ప్యానెల్ స్క్రీన్‌షాట్ ఒకటి పెట్టండి చాలు.