చర్చ: లోపల కీ ఉన్న బిట్‌కాయిన్ బిళ్ల కొనొచ్చా?

ఓరుగల్లు_ప్రశ్న: 0.01 బిట్‌కాయిన్ నింపిన, అంటే దాన్ని ఖర్చుపెట్టే రహస్య కీ స్టిక్కర్ కింద దాచిన ఇత్తడి బిళ్ల హన్మకొండల అమ్మకానికి వచ్చింది. పెండ్లిల చదివిద్దామని ఆలోచన. వెనుక హోలోగ్రాం స్టిక్కర్ చెక్కుచెదరలేదు, దానిమీద ఆ బిట్‌కాయిన్ ఉన్న చిరునామా (ఖాతా నంబరు లాంటిది) మొదటి 8 అక్షరాలు కనబడుతున్నయి. ఇది నమ్మదగ్గదేనా?

తాళంచెవి: వద్దు. బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (బిట్‌కాయిన్ లావాదేవీలు చూపే సైటు) పూర్తి చిరునామా కొట్టి చూస్తే పైసలు కనబడతయి, నిజమే. కానీ స్టిక్కర్ కింద ఉన్న కీ ఆ చిరునామాదే అని రుజువేది? ఎవరిదో పైసలున్న చిరునామా చూసి, దాని మొదటి అక్షరాలు నకిలీ బిళ్లమీద అచ్చేయొచ్చు. పీకితే గానీ తెలవదు, పీకినంక బిళ్లగా దాని విలువ పడిపోతది. గీటురాయిమీద గీస్తే ఇత్తడి తెలుస్తది గానీ కీ తెలవదు.

పైగా తయారుచేసినోడు కీని చూసే ఉంటడు. వాడు కాపీ పెట్టుకుంటే, పదేండ్లకైనా ఆ బిట్‌కాయిన్ ఊడ్చుకుపోవచ్చు.

నాణేల_పెట్టె: అన్నీ ఒక గాటన కట్టకండి. 2011లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో మైక్ కాల్డ్‌వెల్ మొదలుపెట్టిన కాసాసియస్ బిళ్లలకు సేకర్తల దగ్గర లోపలి బిట్‌కాయిన్ ధర మీద అదనంగా పలుకుతది. మొదటి విడత హోలోగ్రాం మీద పేరు స్పెల్లింగే తప్పు పడింది, వాటికి ఇంకా గిరాకీ. 2013 నవంబరులో అక్కడి ఆర్థిక నిఘా సంస్థ ఫిన్‌సెన్ నుంచి లేఖ వచ్చినంక నింపిన బిళ్లలు అమ్ముడు ఆపేసిండు.

తాళంచెవి: గిరాకీ ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదు. ఆ స్టిక్కర్ పీకితే తేనెపట్టు గుర్తు మిగలాలె. 2013 డెఫ్‌కాన్ హ్యాకర్ల సదస్సులో సూదితో ద్రావకం ఎక్కించి గుర్తు పడకుండనే లేపి చూపించిన్రు. కాబట్టి అతుకు బాగుందంటే ఎవరూ ముట్టలేదని కాదు.

నాణేల_పెట్టె: అందుకే చేతులు మారిన చరిత్ర అడగాలె, ఆ మాట ఒప్పుకుంట. ప్రశ్న అడిగినాయనకు ఆ చరిత్ర ఉన్నట్టు లేదు.

లెక్కల_పద్దు: పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. మన చట్టంల ఇది వర్చువల్ డిజిటల్ ఆస్తి. అమ్మితే లాభం మీద 30 శాతం, పైన సెస్సు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేయనియ్యరు, నష్టం వస్తే దేంట్లనూ సర్దుకోనియ్యరు. పెండ్లిల చదివిస్తే పుచ్చుకున్నవాళ్లకు ఆ రోజు పన్ను ఉండదు. పుట్టినరోజుకు స్నేహితుడిస్తే, ఏడాదిల అలాంటి బహుమతులన్నీ కలిపి 50 వేలు దాటినప్పుడు పడ్తది. మీరు కొన్న రసీదు పెండ్లికొడుక్కు ఇయ్యండి, రేపు అమ్మేనాడు కొన్న ధర చూపించాలె కదా.

తీగపని: మరి కరీంనగర్ వెండి తీగపనోళ్లతోని బిళ్ల చేయించి, కీ మనమే తయారుచేసుకుంటే?

తాళంచెవి: వెండి చేయించండి, కీ మాత్రం చెక్కియ్యకండి. లేజర్ షాపుకు కీ ఇస్తే వాళ్ల కంప్యూటర్‌ల ఫైలు మిగిలిపోతది. ఇంటర్నెట్ లేని మిషన్ మీద వాలెట్ (కీలు ఉంచే సాఫ్ట్‌వేర్) తెరిచి, కీని తిరిగి రప్పించుకునేందుకు అది ఇచ్చే 12 ఇంగ్లీషు పదాలను స్టీలు పలకమీద అక్షరాల పంచ్‌తోని మీరే కొట్టండి. ప్రతి పదానికి మొదటి 4 అక్షరాలు చాలు, వాలెట్ పదాలు ఏరే జాబితాల ఏ రెండు పదాలకూ అవి కలవవు. ముందు చిన్న మొత్తం పంపి, వాలెట్ తుడిచేసి, పలక చూసి తిరిగి తెరవండి. తెరుచుకుంటేనే మిగతాది పంపుడు. వెండి బిళ్లను పలకతోపాటు ఇయ్యండి, కొత్త జంట వాళ్ల సొంత వాలెట్‌లకు మార్చుకోవాలె. లేకుంటే మీ దగ్గర కూడ కీ ఉన్నట్టే కదా.

ఓరుగల్లు_ప్రశ్న: ఒకవేళ ఆ ఇత్తడి బిళ్లే కొంటే, లోపలి బిట్‌కాయిన్ తీసేటప్పుడు ఖర్చెంత?

నాణేల_పెట్టె: కాసాసియస్ తరహా చిన్న కీ అయితే ఎలక్ట్రమ్ అనే వాలెట్ గుర్తుపడ్తది. ‘ఇంపోర్ట్’ కాదు, ‘స్వీప్’ కొట్టండి, మొత్తం కొత్త చిరునామాకు పోవాలె. పాత తరహా చిరునామా కనుక లావాదేవీ సుమారు 220 బైట్లయితది. నెట్‌వర్క్ రద్దీల ఫీజు బైటుకు 300 సటోషీలు (బిట్‌కాయిన్‌ల అతి చిన్న భాగం) నడిస్తే 66 వేలు, అంటే మీ 10 లక్షల సటోషీల్ల 6.6 శాతం ఫీజుకే పోతది. రద్దీ తగ్గి 5కు దిగినప్పుడు 1,100తోని అయిపోతది, ఆగండి.