పన్నెండేళ్ల అబ్బాయిని బృంద హోమ్‌స్కూల్ కార్యక్రమంలో చేర్చడం గురించి సలహా కావాలి

ప్రశ్న

నమస్కారమండీ. మా అబ్బాయికి 12 ఏళ్లు నిండాయి. రెండో తరగతి నుంచి ఇంట్లోనే చదువుకుంటున్నాడు. గణితానికి మాత్రం ఒక పాఠ్యపుస్తకాన్ని వరుసగా చేయిస్తూ, మిగిలిన చదువును వాడి ఆసక్తి ఎటు మళ్లితే అటు నడిపించుకుంటూ వచ్చాను. ఒకసారి నదుల మీద మనసు పడితే భూగోళం, చరిత్ర, పటాలు గీయడం అన్నీ మూడు నెలలపాటు నదుల చుట్టూనే తిరిగాయి, వాడు నేర్చుకున్నదీ తక్కువేమీ కాదు. ఇబ్బంది ఈ ఏడాదే మొదలైంది. రాయమంటే మూడు వాక్యాల దగ్గరే పెన్ను పక్కన పెట్టేస్తున్నాడు. నేను దిద్దితే వాడికి అందులో తప్పు కనిపించడం లేదు, అమ్మ కోపమే కనిపిస్తోంది. తన ఈడు పిల్లలతో కలిసి చదువుకోవాలని ఉందని తనంతట తానే రెండుసార్లు అడిగాడు.

మాకు అందుబాటులో ఒక బృంద కార్యక్రమం ఉంది. వారానికి ఒక రోజు పదిమంది పిల్లలు ఒక ట్యూటర్ దగ్గర కలుస్తారు, మిగిలిన నాలుగు రోజులు ఇచ్చిన ప్రణాళిక ప్రకారం ఇంట్లో చదువుకోవాలి. గణితం, లాటిన్, తర్కం, వ్యాసరచన, సైన్సు నివేదిక, డిబేట్ అని ఆరు అంశాలు, 30 వారాలు. ఏడాది రుసుము ముందే కట్టాలి, మధ్యలో మానేస్తే తిరిగి ఇవ్వరు. ఇన్నేళ్ల స్వేచ్ఛ తరువాత ఈ చట్రంలో వాడు ఇమడగలడా, అసలు ఇమిడించడం మంచిదేనా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

మా అమ్మాయి ఇటువంటి కార్యక్రమంలోనే రెండేళ్లు చదివిందండీ. మీరు చెప్పిన రాతపని ఇబ్బంది మా ఇంట్లోనూ ఉండేది కాబట్టి ముందు దాని గురించే చెబుతాను. మూడో వారంలో తన వ్యాసాన్ని అందరి ముందు చదవాల్సి వచ్చింది. చేతిలో కాగితం వణుకుతూనే ఉంది. చదవడం అయ్యాక ట్యూటర్ మెచ్చుకోనూ లేదు, తప్పు పట్టనూ లేదు, “రెండో పేరాలో నువ్వన్న మాటకు ఆధారం ఏమిటి?” అని మాత్రం అడిగారు. అదే మాట నేను ఇంట్లో ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు, అడిగిన ప్రతిసారీ మా మధ్య వాదన జరిగేది. ఆ రోజు మాత్రం ఇంటికి వచ్చి, భోజనానికి కూడా లేవకుండా ఆ పేరాను తిరగరాసింది. ఈ వయసులో పిల్లలకు తల్లిదండ్రులు కాని ఒక పెద్దమనిషి, తమ ఈడు శ్రోతలు కొందరు కావాలన్నది నేను కళ్లారా చూసి నమ్మిన విషయం.

అయితే కార్యక్రమాన్ని ఆ ఒక్క రోజును బట్టి అంచనా వేయకండి. ఆ రోజు ఎవరింట్లోనైనా ఉత్సాహంగానే గడుస్తుంది. అసలు చదువంతా జరిగేది మిగిలిన నాలుగు రోజుల్లో. ఆ రోజుల్లో పక్కన కూర్చోవలసింది, అర్థం కానిది విడమరచి చెప్పవలసింది మీరే. మీకు లాటిన్ రాకపోతే వాడితోపాటు మీరూ నేర్చుకోవలసి వస్తుంది, అందుకు మీకు తీరిక ఉందా అన్నది ముందుగా చూసుకోండి.

రెండో సమాధానం

నేను కొన్నేళ్లు ఇటువంటి బృందానికి ట్యూటర్‌గా పనిచేశాను. లాటిన్, తర్కం, డిబేట్ ఉన్నాయంటున్నారు కాబట్టి ఇది ట్రివియం పద్ధతిలో కూర్చినది కావచ్చు. ట్రివియం అంటే వ్యాకరణం, తర్కం, వాగ్ధాటి అనే మధ్యయుగపు ఐరోపా మూడు విద్యలు. వాటిని పిల్లల ఎదుగుదలలోని మూడు దశలతో పోలుస్తూ ఆంగ్ల రచయిత్రి డొరొతీ సేయర్స్ 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రసంగించారు. పెద్దల మాటల్లో తప్పులు వెతికే, ప్రతిదానికీ ఎదురు వాదించే వయసును తర్కం నేర్పడానికి వాడుకోవాలన్న ఆమె సూచన నాకు ఇప్పటికీ నచ్చుతుంది. అయితే ఆ దశల విభజన ఆమె తన బాల్యాన్ని గుర్తు చేసుకుని చెప్పినదే తప్ప పిల్లల మీద పరిశోధన చేసి తేల్చినది కాదు, ఆ సంగతి ఆమే ఒప్పుకున్నారు. కాబట్టి పన్నెండేళ్లు వచ్చాయి గనుక మీ అబ్బాయి ఈ దశకు సిద్ధమై ఉండాలని ఎవరైనా అంటే తలవంచనక్కర్లేదు.

గణితాన్ని బృందంతో ముడిపెట్టవద్దన్నది నా గట్టి అభిప్రాయం. పదిమందిలో ఒకరు భిన్నాల దగ్గర తడబడుతుంటే మరొకరు బీజగణితంలో ఉంటారు. వారానికి ఒక పాఠం చొప్పున అందరినీ కలిపి నడిపిస్తే ఇద్దరికీ నష్టమే. వరుసగా చేస్తున్న పుస్తకాన్ని కొనసాగనిస్తారా అని అడగండి, చాలామంది ట్యూటర్లు ఒప్పుకుంటారు.

రాతపనికి ఇంట్లో ఒక దారి ఉంది. చదివినది పుస్తకం మూసి నోటితో తిరిగి చెప్పించండి. బ్రిటిష్ విద్యావేత్త షార్లెట్ మేసన్ తన పాఠశాలల్లో ఈ తిరిగి చెప్పడాన్నే చదువుకు వెన్నెముకగా పెట్టుకున్నారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలోనూ, పాఠాన్ని మళ్లీ చదివినవారికి అయిదు నిమిషాల తరువాత ఎక్కువ గుర్తుంటే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారికి వారం తరువాత ఎక్కువ గుర్తుంది. వాడు చెబుతుంటే మొదట్లో మీరే రాసిపెట్టండి. తన మాటలు కాగితం మీద కనిపించాక దిద్దుకోవాలని వాడికే అనిపిస్తుంది.

మూడో సమాధానం

మేము పద్నాలుగో వారంలో మానేశాము. కార్యక్రమం చెడ్డదని అనను. మా అబ్బాయి నెమ్మదిగా చదువుతాడు, ఆ ప్రణాళికేమో ఎవరి కోసమూ ఆగదు. తరగతికి ముందు రోజు రాత్రి పదకొండు గంటలకు సైన్సు నివేదికలో ఒకే వాక్యాన్ని చెరిపి చెరిపి కాగితానికి చిల్లు పడేదాకా రాస్తూ ఉండేవాడు. కట్టిన డబ్బు పోతుందని నేను రెండు నెలలు చూసీ చూడనట్లు ఊరుకున్నాను, అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటలు నిద్ర ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. ఇంటి చదువు వల్ల పిల్లలకు దక్కే గొప్ప మేలు కంటినిండా నిద్ర అయితే, మేము దాన్నే పోగొట్టుకున్నాము.

చేరే ముందు వారి దగ్గర ఒక వారం ప్రణాళిక అడిగి తీసుకుని, ఇంట్లో పూర్తిగా చేయించి, గంటలు లెక్కపెట్టండి. మరొక మాట: బృందంలో చేరినంత మాత్రాన చట్టపరమైన బాధ్యత తీరిపోదు. చాలాచోట్ల పేరు నమోదు చేయించడం, చదివిన దానికి రికార్డు ఉంచడం తల్లిదండ్రుల పనే.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. చెప్పినట్లే ఒక వారం ప్రణాళిక తెప్పించి చేయించాను. గణితం కాకుండా నాలుగు రోజులకు కలిపి 19 గంటలు పట్టింది, అందులో 7 గంటలు వ్యాసానికే పోయాయి. వాడికి లాటిన్ పదాలు ఆటలా అనిపించాయి, నాకే కష్టమైంది. గణితాన్ని మా పుస్తకంతోనే కొనసాగనివ్వడానికి ట్యూటర్ ఒప్పుకున్నారు. రుసుమును రెండు విడతలుగా తీసుకుంటారా అన్నదానికి ఇంకా జవాబు రాలేదు, అది తేలాకే చేర్చే విషయం చూస్తాను.

ఈలోగా వచ్చే వారం వాడిని తరగతిలో ఒక పూట కూర్చోనిస్తామన్నారు. ట్యూటర్‌ను అడగడానికి వాడే ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకున్నాడు. మొదటి రెండూ డిబేట్ గురించి. మూడోది, “నేను తప్పు రాస్తే అది అందరి ముందూ చెబుతారా, విడిగా చెబుతారా?” అని. దానికి ఆమె ఏమంటారో విని, ఇంటికి వచ్చాక వాడు ఏమంటాడో కూడా ఇక్కడ రాస్తాను.