చిత్తూరు నుంచి హైదరాబాద్‌కు అమ్మను విమానంలో తీసుకెళ్లొచ్చా?

అమ్మకు మోకాళ్ల నొప్పులు. వచ్చే నెల సికింద్రాబాద్‌లో చెల్లెలి గృహప్రవేశం. రేణిగుంటలో విమానం ఎక్కితే శంషాబాద్‌కు దాదాపు గంటా పావు. వినడానికి బాగానే ఉంది. కానీ చిత్తూరు నుంచి రేణిగుంటకే సుమారు 80 కిలోమీటర్లు, పైగా చాలా ముందే చేరుకోవాలి, దిగాక సికింద్రాబాద్‌కు మళ్లీ 40 కిలోమీటర్ల దాకా. అంతా కలిపితే ఆరేడు గంటలు! రాత్రి రైలైతే పడుకుని వెళ్లొచ్చు, కాకపోతే ఆ బోగీ మెట్లు ఎక్కించడమే నాకు టెన్షన్.

రేణిగుంటలో వీల్‌చైర్ అడిగితే సీటు దాకా తీసుకెళ్తారా, లేక విమానం మెట్లు ఆమే ఎక్కాలా? శంషాబాద్ నుంచి పుష్పక్ బస్సు పెద్దవాళ్లకు సులువేనా, క్యాబే మేలా? ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.